రూగర్ 10/22 రైఫిల్: తుపాకీ చవకే, ఖర్చంతా బుల్లెట్లదే

మేం ఉండేది డాలస్ దగ్గర. గ్రీన్‌కార్డ్ వచ్చాక 2023లో టార్గెట్ ప్రాక్టీస్ కోసం ఈ రైఫిల్ కొన్నాను, ట్యాక్స్ కాకుండా 299 డాలర్లు. దీనికి మూడొందలా అని మా ఆవిడ అడిగితే నాకూ ఎక్కువే అనిపించింది గానీ, పక్కింటి పెద్దాయన తన పాత 10/22 బయటికి తీశాక నా లెక్క మారిపోయింది.

1964లో ఇది మొదటిసారి వచ్చినప్పుడు ధర యాభై నాలుగున్నర డాలర్లు. అప్పటినుంచి 2023కి అమెరికాలో ధరలు దాదాపు పది రెట్లయ్యాయి, అంటే ఆ డబ్బు 2023 లెక్కలో 530 పైమాటే. నాకు సగం కంటే కాస్త ఎక్కువకే వచ్చినట్టు.

కానీ రెండూ పక్కపక్కన పెట్టి పట్టుకుంటే ఆ తగ్గింపు ఎక్కడినుంచి వచ్చిందో చేతికే తెలుస్తుంది. ఆయనదాంట్లో భుజానికి ఆనించే భాగం వాల్‌నట్ కర్ర, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న భాగం లోహం, చల్లగా తగులుతుంది. నా దాంట్లో రెండు చోట్లా ప్లాస్టిక్. గురిలో మాత్రం నాకు తేడా కనిపించలేదు. పది రౌండ్లు, అంటే బుల్లెట్లు, పట్టే గుండ్రటి మ్యాగజైన్ (బుల్లెట్ల డబ్బా) టక్కున కూర్చుంటుంది, ఇన్నాళ్లలో జామ్ అయింది మూడుసార్లే, అదీ బాగా చవక బుల్లెట్లు వేసినప్పుడు.

ఇక బుల్లెట్ల సంగతి. 2012కి ముందు ఈ రైఫిల్‌లో వేసే .22 సైజు చిన్న బుల్లెట్లు ఐదొందలు కలిపి ఇరవై డాలర్ల లోపే దొరికేవి, ఒక్కోటి నాలుగు సెంట్లు. ద్రవ్యోల్బణం కలిపితే ఐదున్నర సెంట్లు కావాలి, నాకు పడుతున్నది ఏడున్నర. 2012 చివర్లో తుపాకీ చట్టాలు బిగిస్తారన్న భయంతో, మళ్లీ 2020లో కోవిడ్ టైంలో, జనం ఎగబడి కొనేసరికి అల్మారాలు ఖాళీ అయ్యాయి, నాకైతే ఆ పాత ధర దొరకలేదు. పైగా 11 శాతం ఫెడరల్ ట్యాక్స్ తయారీదారు కట్టేది కూడా మన ధరలోనే ఉంటుంది. అది శాతం కాబట్టి ధరతోపాటే పెరుగుతుంది, 1937 నాటి చట్టం ప్రకారం ఆ డబ్బు వన్యప్రాణుల సంరక్షణకు వెళ్తుంది కాబట్టి నాకు బాధ లేదు.

రేంజ్‌కి, అంటే కాల్పులు ప్రాక్టీస్ చేసే చోటికి, వెళ్తే రెండొందల రౌండ్లు ఇట్టే అయిపోతాయి, పదిహేను డాలర్లు. ఇరవైసార్లు వెళ్తే బుల్లెట్లకే ఇంకో రైఫిల్ డబ్బులు, రేంజ్ ఫీజు వేరే.

ప్లాస్టిక్‌కి ఒకటి తీసేసి నాలుగు స్టార్లు. తాళం పెట్టెలోనే వస్తుంది, కానీ పిల్లలున్న ఇంట్లో దాంతో సరిపెట్టకండి. నేను ఇంకో 150 పెట్టి సేఫ్ కొన్నాను, బుల్లెట్లు వేరే గదిలో తాళం వేసి పెడతాను, కొనేముందే ఆ డబ్బు కూడా లెక్కలో వేసుకోండి.