డాలస్‌లో వాడిన డీజిల్ ట్రక్కు కొనేవాళ్ళూ, ఒక్క నిమిషం ఆగండి

ఒళ్ళు మండిపోతోంది, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. అర్వింగ్ వైపు ఆ యూజ్డ్ ట్రక్కుల లాట్ మీలో సగం మందికి తెలుసు, పేరు రాయను. మనవాళ్ళంటే స్పెషల్ రేటు అంటాడే, ఆ సేల్స్ కుర్రాడి దగ్గరే ట్రావెల్ ట్రైలర్ లాగడానికని త్రీ క్వార్టర్ టన్ (పెద్ద బరువులు లాగే తరగతి) డీజిల్ పికప్ కొన్నా.

"బావా, నీ ట్రైలర్ నిండా సర్దినా 7,000 పౌండ్లు దాటదు, గ్యాస్ (పెట్రోల్) ట్రక్కు చాలు" అని మా బావమరిది మొత్తుకుంటూనే ఉన్నాడు. కుర్రాడు నవ్వేశాడు. "గ్యాస్ బండైతే కనబడిన స్టేషన్‌లోకల్లా దూరాలన్నా. ఇది ట్రైలర్ లేకుండా ఖాళీగా వెళ్తే గ్యాలన్‌కి 20 మైళ్ళు ఇస్తుంది." ఆ అంకె ఎక్కడ రాసుందని అడిగితే, ఇంత పెద్ద ట్రక్కులకి ఈపీఏ (పర్యావరణ శాఖ) మైలేజీ స్టిక్కర్ ఉండదన్నాడు. అదొక్కటీ నిజమే. జీవీడబ్ల్యూఆర్, అంటే బండీ లోడూ కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు, 8,500 పౌండ్లు దాటిన పికప్‌లకి ఆ లేబుల్ అక్కర్లేదు. అంటే వాడి నోటిమాటే మనకి స్టిక్కర్!

కొన్నాక అంతా బాగానే ఉంది. మరీ బాగుంది. డీజిల్ పొగని శుద్ధి చేయడానికి విడిగా పోసే ద్రవం ఉంటుందే, డెఫ్, దాని ముల్లు ఎన్నాళ్ళైనా కిందికి దిగదు. ఎంత పొదుపైన ఇంజనో అని ఆఫీసులో గొప్పలు చెప్పుకున్న నా తెలివికి దండేసి దండం పెట్టాలి.

ఆయిల్ మార్పిద్దామని తీసుకెళ్తే మెకానిక్ బండిని లిఫ్ట్ ఎక్కించి, నన్ను పిలిచి టార్చి వేశాడు. పొగలో మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉండాల్సిన చోట నున్నటి స్టీలు గొట్టం, రెండు చివర్లా వంకరటింకర వెల్డింగ్. డెఫ్ ట్యాంకు నిండుగా ఉంది, దాని ఇంజెక్టర్ వైరు మాత్రం జిప్ టైతో ఫ్రేముకి కట్టేసి ఉంది. పొగని శుద్ధి చేసే సరంజామా మొత్తం పీకేసి, లైటు వెలగకుండా కంప్యూటర్‌కి అబద్ధం నేర్పారు. ఇలా పీకేసిన, అంటే 'డిలీట్' చేసిన బండి మేం ముట్టుకోమని తాళాలు చేతిలో పెట్టాడు. క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం ఇలా పీకడం చట్టవిరుద్ధం. కానీ టెక్సాస్‌లో డీజిల్ బండ్లకి ఎమిషన్ టెస్ట్ లేదుగా, గుట్టుగా చేతులు మారిపోతాయి.

అట్నుంచి అటే లాట్‌కి వెళ్ళా. కుర్రాడు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. "అది తీసేస్తేనే కదా మైలేజీ వచ్చేది. దీనికి జనం ఎక్స్‌ట్రా డబ్బులిచ్చి చేయించుకుంటారు, మీకు ఫ్రీగా వచ్చింది." మరి కొనేటప్పుడు ఎందుకు చెప్పలేదని గట్టిగా అడిగితే, బయ్యర్స్ గైడ్ (వారంటీ ఉందో లేదో చెప్పే) కాగితం తీసి, 'యాజ్ ఈజ్', అంటే వారంటీ లేదు, ఉన్నదున్నట్టే అమ్మకం అన్న గడిలో టిక్కు మీద పెన్నుతో టకటకా కొట్టి, "సంతకం మీదే కదా సార్" అన్నాడు. సంతకం పెట్టేదాకా అన్న, పెట్టాక సార్.

ఇక వాడు చెప్పిన పొదుపు. రాత్రి నిద్రపట్టక లెక్కేశా. ఏడాదికి 12,000 మైళ్ళనుకోండి. గ్యాస్ ట్రక్కు సగటున 12 ఇస్తే 1,000 గ్యాలన్లు, 2.80 చొప్పున 2,800 డాలర్లు. అన్నీ సక్రమంగా ఉన్న డీజిల్ 16 ఇస్తే 750 గ్యాలన్లు, 3.50 చొప్పున 2,625. మిగులు 175 డాలర్లు. అందులోంచే డెఫ్, ఫ్యూయల్ ఫిల్టర్లు. ఈ ఇంజన్ కోసం గ్యాస్ బండి కంటే 9,000 ఎక్కువ పోశా, అది రాబట్టడానికి 51 ఏళ్ళు. అప్పటికి ట్రైలర్ నా మనవడు లాగుతాడు. పీకినవన్నీ మళ్ళీ పెట్టించడానికి ఇంకో 8,000 చెప్పారు. పైగా డీజిల్ ఇంజన్ బరువెక్కువ కాబట్టి, అదే 10,000 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్‌లో పేలోడ్ (మోయగల బరువు) గ్యాస్ బండికే ఎక్కువ. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్లు పోల్చి చూసుకోండి.

డీజిల్ చెడ్డదనడం లేదు. 12,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ (ట్రక్కు తొట్టిలో తగిలించే పెద్ద ట్రైలర్) తగిలించుకుని కొలరాడో కొండలెక్కేవాళ్ళకి ఆ టార్క్ (లాగే బలం), దిగేటప్పుడు ఇంజనే బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేక్ కావాల్సిందే. వారమంతా ఫ్రిస్కోలో పిల్లల్ని స్కూల్లో దింపే నాకెందుకు? డీపీఎఫ్ ఉన్నా, ఈ చిన్న చిన్న తిరుగుళ్ళకి మసి పట్టి మూసుకుపోయేదే.

టెక్సాస్ డీఎంవీకి (వాహనాల శాఖకి) కంప్లైంట్ పెట్టా. మీరు మాత్రం సంతకానికి ముందే బయటి మెకానిక్‌తో లిఫ్ట్ మీద చూపించండి, లాట్‌వాడు ఒప్పుకోకపోతే వచ్చేయండి. టెయిల్ పైపులో వేలు పెట్టి చూడండి, నల్లగా మసి అంటితే డీపీఎఫ్ లేనట్టో, పగిలినట్టో. ఇంజన్ చల్లారాకే పెట్టండి.