పోటీ లెక్క ఎదురైతే: చిన్న సంఖ్యలా, బీజగణితమా, ఏది మేలు?

పాఠ్యపుస్తకంలో లెక్క ఏ అధ్యాయం చివర ఉందో చూస్తే సగం దారి తెలిసిపోతుంది. పోటీ పరీక్షలో ఆ సాయం ఉండదు. మూడు నాలుగు వాక్యాల ప్రశ్న ఉంటుంది, ఏ సూత్రం వాడాలో చెప్పే ఆనవాలు మాత్రం కనిపించదు. అలాంటప్పుడు కొందరు పిల్లలు వెంటనే ఎక్స్, వై అనుకుని సమీకరణాలు రాయడం మొదలుపెడతారు. ఇంకొందరు 1, 2, 3 లాంటి చిన్న సంఖ్యలతో ప్రశ్నను ఆడించి చూస్తారు. ఈ రెండింటిలో దేనితో మొదలుపెట్టాలి అన్నది చాలామంది విద్యార్థులకు నిజమైన సందేహమే. నా అభిప్రాయం ముందే చెప్తాను: మొదలు చిన్న సంఖ్యలతోనే పెట్టాలి, కానీ అక్కడే ఆగిపోతే మోసపోతాం.

ఒక లెక్క చూద్దాం. బోర్డు మీద 1 నుంచి 10 వరకు సంఖ్యలున్నాయి. వాటిలో ఏవైనా రెండింటిని చెరిపేయాలి. అవి క, చ అయితే వాటి బదులు క + చ + క×చ అనే సంఖ్య రాయాలి. ఇలా తొమ్మిదిసార్లు చేస్తే బోర్డు మీద ఒక్క సంఖ్యే మిగులుతుంది. అది ఎంత?

నేరుగా బీజగణితంలోకి దిగితే రెండో అడుగులోనే ఇబ్బంది మొదలవుతుంది. మూడు అక్షరాలతో విస్తరిస్తే ఏడు పదాలొస్తాయి, నాలుగింటితో పదిహేను. ఏ రెండింటిని ముందు చెరపాలో ప్రశ్నలో చెప్పలేదు కాబట్టి ఆ గందరగోళం వేరే. ఇప్పుడు చిన్నగా మొదలుపెట్టి చూడండి. బోర్డు మీద 1, 2 మాత్రమే ఉంటే జవాబు 5. దానికి 3 చేరిస్తే 5 + 3 + 15, అంటే 23. వరుస మార్చి 2, 3 ముందు కలిపితే 11 వస్తుంది, దానితో 1 కలిపితే 11 + 1 + 11, మళ్లీ 23. ఈ ఒక్క పరిశీలన చాలా విలువైనది, ఎందుకంటే వరుసతో పని లేదేమో అన్న అనుమానం ఇక్కడే పుడుతుంది. నాలుగు సంఖ్యలకు 119 వస్తుంది.

5, 23, 119. ఇక్కడ చాలామంది ఈ సంఖ్యల వైపు ఊరికే చూస్తూ కూర్చుంటారు. చూస్తూ కూర్చోకుండా వాటితో ఏదో ఒకటి చేయాలి. పక్కపక్క సంఖ్యల తేడాలు తీయాలి, కారణాంకాలు రాయాలి, శేషాలు చూడాలి, ఒకటి కలపాలి, ఒకటి తీసేయాలి. ఒకటి కలిపితే 6, 24, 120 అవుతాయి. అవి 3, 4, 5ల ఫ్యాక్టోరియల్‌లు! (ఒక సంఖ్య ఫ్యాక్టోరియల్ అంటే 1 నుంచి ఆ సంఖ్య వరకు అన్నిటి లబ్ధం.) అలాగైతే పది సంఖ్యలకు జవాబు 11 ఫ్యాక్టోరియల్ కంటే ఒకటి తక్కువ, అంటే 3,99,16,799 అయి ఉండాలి.

బీజగణితం ఇప్పుడు రావాలి. ఒకటి కలిపితే అందంగా మారిందని తెలిసింది కాబట్టి క + చ + క×చ కి కూడా ఒకటి కలిపి చూస్తాం. అది (క + 1) × (చ + 1) అవుతుంది. అంటే బోర్డు మీదున్న ప్రతి సంఖ్యకు ఒకటి కలిపి అన్నిటినీ గుణిస్తే వచ్చే లబ్ధం ఏ అడుగులోనూ మారదు. మొదట్లో అది 2×3×…×11, చివర్లోనూ అంతే. నిరూపణ రెండు వరుసల్లో అయిపోయింది. చిన్న సంఖ్యలు జవాబును చూపించడమే కాదు, బీజగణితంలో ఏ అడుగు వేయాలో కూడా చెప్పాయి. నాకు ఈ పద్ధతి మీద ఇంత ఇష్టం అందుకే.

అయితే ఎదురు వాదన కూడా అంతే బలంగా ఉంది. ఒక వృత్తం మీద కొన్ని బిందువులు పెట్టి ప్రతి జంటనూ జ్యాతో, అంటే సరళరేఖతో, కలపండి. ఏ మూడు జ్యాలూ లోపల ఒకే చోట కలవకూడదు. వృత్తం ఎన్ని ముక్కలవుతుంది? ఒక బిందువుకు 1, రెండింటికి 2, తర్వాత 4, 8, 16. ఐదు సందర్భాలు చూశాం, ప్రతిసారీ రెట్టింపు అయింది. ఆరో దానికి 32 అని రాయని విద్యార్థి అరుదు. సరైన జవాబు 31.

ఇక్కడ గట్టెక్కించేది కారణం వెతకడమే. కొత్తగా గీసిన ప్రతి జ్యా ఒక ముక్కను పెంచుతుంది, అది దాటే ప్రతి ఖండన బిందువు దగ్గర ఇంకొకటి పెంచుతుంది. ఒక్కో ఖండన బిందువు వృత్తం మీది నాలుగు బిందువుల వల్ల ఏర్పడుతుంది. కాబట్టి మొత్తం ముక్కలు: 1, దానికి బిందువుల జంటల సంఖ్య, దానికి నాలుగేసి బిందువుల గుంపుల సంఖ్య కలపాలి. ఆరు బిందువులకు 1 + 15 + 15 = 31. సరళిని చూసి నమ్మినవాడికి 32, ఎందుకు అని అడిగినవాడికి 31.

ఇంతకంటే ఘోరంగా మోసం చేసేవీ ఉన్నాయి. ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్యను, 41ని కలపండి. 0 నుంచి 39 వరకు ఏది తీసుకున్నా ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 దగ్గర 1681 వస్తుంది, అది 41 వర్గం. నలభై సాక్ష్యాలు కూడా నిరూపణ కావు.

చిన్న సంఖ్యలు అసలు పనికిరాని లెక్కలూ ఉన్నాయి. ఒక సంఖ్యకు దాని వ్యుత్క్రమాన్ని (1ని ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేదాన్ని) కలిపితే 3 వచ్చింది. ఆ సంఖ్య ఐదో ఘాతానికి, దాని వ్యుత్క్రమం ఐదో ఘాతానికి మొత్తం ఎంత? ఇక్కడ ప్రయత్నించడానికి చిన్న ఉదాహరణే లేదు. వర్గ సమీకరణం సాధించి, వర్గమూలం ఉన్న సంఖ్యను ఐదుసార్లు గుణించవచ్చు కానీ తప్పులు దొర్లే అవకాశం ఎక్కువ. ప్రతి మొత్తాన్నీ 3తో గుణించి, దాని ముందు మొత్తాన్ని తీసేస్తే తర్వాతిది వస్తుందని బీజగణితం చెప్తుంది. మొదటి మొత్తం 3, వర్గాలది 7 (3 వర్గంలోంచి 2 తీసేస్తే), ఆపైన 18, 47, 123. నిమిషంలో పని పూర్తి. ఇచ్చిన షరతు సౌష్ఠవంగా (అందులోని రెండింటి చోట్లు మార్చినా మారకుండా) ఉండి, అడిగినది కూడా సౌష్ఠవంగా ఉంటే తడబడకుండా బీజగణితంతోనే మొదలుపెట్టండి.

రేఖాగణితంలో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది: కోఆర్డినేట్లా, శుద్ధ రేఖాగణితమా? కచటత అనే చతురస్రంలో చట మధ్యబిందువు ప, టత మధ్యబిందువు మ అనుకుందాం. కప, చమ లంబంగా ఉంటాయని చూపాలి. భుజం 2 తీసుకుని క దగ్గర (0, 0) పెడితే ఒక రేఖ వాలు 1/2, రెండోదాని వాలు −2, లబ్ధం −1. చతురస్రాన్ని కేంద్రం చుట్టూ 90 డిగ్రీలు తిప్పినట్టు ఊహిస్తే క వెళ్లి చ మీద, ప వెళ్లి మ మీద కూర్చుంటాయి, కాబట్టి ఒక రేఖ రెండోది అవుతుంది. రెండు నిరూపణలూ చిన్నవే. రెండోది మాత్రం మధ్యబిందువులు కాకపోయినా, చప, టమ సమానమైతే చాలు ఫలితం నిలుస్తుందని అక్కడికక్కడే చెప్పేస్తుంది. చతురస్రాలు, లంబకోణాలు ఉన్న చోట కోఆర్డినేట్లు నమ్మకమైనవి. వృత్తాలు రెండు మూడు వచ్చి, కోణాల గురించి అడిగితే వాటితో పేజీలు నిండుతాయి. అక్కడ చక్రీయ చతుర్భుజాల (నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉన్నవాటి) కోసం వెతకడమే మేలు. ఏ దారి ఎంచుకున్నా పటం రెండుసార్లు, రెండు వేరు ఆకారాల్లో గీయండి. సమబాహు త్రిభుజం గీసి చూస్తే లేని సమానత్వాలు కూడా ఉన్నట్టు కనిపిస్తాయి.

ఎంపికను పరీక్ష తీరు కూడా మారుస్తుంది. అమెరికాలో హైస్కూలు పిల్లలకు జరిగే గణిత పోటీ ఏఎంసీ 12లో 25 ప్రశ్నలకు 75 నిమిషాలు, అంటే ప్రశ్నకు మూడు నిమిషాలు. దాని తర్వాతి మెట్టు ఏఐఎంఈలో 15 ప్రశ్నలకు మూడు గంటలు, ప్రతి జవాబూ 0 నుంచి 999 లోపు పూర్ణాంకమే. ఈ రెండింటిలో జవాబు సరైనదైతే చాలు, అది ఎలా వచ్చిందో ఎవరూ అడగరు. సరళి పట్టుకుని, ఇంకొక సందర్భంలో సరిచూసుకుని ముందుకు వెళ్లడం అక్కడ తెలివైన పని. 1959లో రొమేనియాలో మొదలైన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ దీనికి పూర్తి భిన్నం. రెండు రోజులు, రోజుకు నాలుగున్నర గంటలు, మూడేసి లెక్కలు, ఒక్కో లెక్కకు 7 మార్కులు. పై బోర్డు లెక్క లాంటిది అక్కడ వచ్చి, మీరు జవాబు మాత్రమే రాస్తే దాదాపు ఏమీ రాదు. మార్కులన్నీ ఆ రెండు వరుసల నిరూపణకే.

కాబట్టి సాధనలో నేను సూచించే క్రమం ఇది. సంఖ్యలు, లెక్కింపు, ఆటలు, బోర్డు మీద మార్పులు ఉన్న ప్రశ్నలైతే నాలుగైదు చిన్న సందర్భాలు చేతితో చేయండి. వాటిలో ఏదీ కనిపించకపోతే ఆరో దానికి వెళ్లకుండా, వచ్చిన సంఖ్యలను వేరే రకంగా రాసి చూడండి. కనిపించిందా, అప్పుడు కలం మార్చి అక్షరాలతో కారణం రాయండి. నిరూపణ పరీక్షలో కారణం పూర్తిగా దొరకకపోయినా, వరుసతో పని లేదని గమనించిన సంగతి, ఏది మారకుండా ఉంటోందన్న మీ ఊహ శుభ్రంగా రాసి ఇవ్వండి. పాక్షిక మార్కులు వచ్చేది సాధారణంగా ఇలాంటి వాటికే.