సర్జన్‌కి నూటికి నూరు, వార్డుకి పాస్ మార్కులు

లివర్ మార్పిడి అయ్యాక రెండేళ్లు హాయిగా ఉన్నాను. ఆ తర్వాత దగ్గితే చాలు, పాత కోత దగ్గర బత్తాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోయేది. నేను గ్యాస్ అనుకున్నా. మా ఆవిడ మాత్రం "సిలిండర్ ఎత్తొద్దంటే విన్నారా?" అంది. స్కాన్ చేస్తే ఇన్సిషనల్ హెర్నియా అని తేలింది. పాత కోత కింద కండరం విడిపోయి పేగు బయటికి తోసుకొస్తోందట.

వైజాగ్‌లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్నాను. సర్జన్ పొట్ట చూడకముందే బిళ్ళల చీటీ అడిగారు. అక్కడే నమ్మకం కుదిరింది. నాకు పెట్టిన కోతని బెంజ్ కోత అంటారట, ఆ కారు గుర్తులా ఉంటుందని. (కారు లేదు గానీ గుర్తు మాత్రం పొట్ట మీద ఉంది.) మూడు గీతలు కలిసే చోటే బలహీనమట. పైగా కొత్త లివర్‌ని ఒంట్లో నిలబెట్టే మందులే గాయం మానడాన్ని నెమ్మది చేస్తాయట. అందుకే నా లివర్ డాక్టరుతో మాట్లాడి, ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందే, ఆ మందుల్లో గాయాన్ని ఎక్కువగా మాననివ్వని సిరోలిమస్ ఆపించి, అదే పనికి వాడే టాక్రోలిమస్‌కి మార్పించారు. షుగర్ దిగేదాకా డేట్ ఇవ్వలేదు. ఉత్త కుట్లయితే మళ్లీ ఊడొచ్చని కండరం వెనక మెష్ (వలలాంటి గుడ్డ) పరిచారు. నొప్పికి పారాసెటమాల్ లాంటివే. డైక్లోఫెనాక్ జాతి బిళ్ళలు వద్దన్నారు, టాక్రోలిమస్‌తో కలిస్తే కిడ్నీలకి దెబ్బట.

ఇక వార్డు. టాక్రోలిమస్ లెవెల్ చూడాలంటే పొద్దుటి బిళ్ళ వేసుకోకముందే రక్తం తీయాలి. రెండోరోజు నర్సమ్మ బిళ్ళ ముందే తెచ్చేసింది. "ముందు రక్తం తీయమ్మా, తర్వాతే బిళ్ళ" అని మా ఆవిడ అడ్డుపడింది. ఇన్‌చార్జికి ఫోన్ చేశాకే ఆ పిల్ల ఒప్పుకుంది. తోడు మనిషి లేని పేషెంటు సంగతేంటి? డిశ్చార్జి పొద్దున్న పదికన్నారు, ఇన్సూరెన్స్ కాగితాలు తేలేసరికి నాలుగు దాటింది. అంటగట్టిన పొట్ట బెల్టు రెండు సైజులు పెద్దది. జగదాంబ సెంటర్ దగ్గర వేరేది కొన్నాం.

ఇంటికెళ్తూ ఎన్ఏడీ జంక్షన్ నుంచి గాజువాక దాకా స్పీడ్ బ్రేకర్లన్నీ పొట్టతోనే లెక్కపెట్టాను. ఇప్పుడు నాలుగో నెల. దగ్గొస్తే చెయ్యి ఇంకా దానంతటదే పొట్ట మీదికి పోతోంది. ఉబ్బు మాత్రం తగలట్లేదు.