మందుపాతరల పని: దౌత్యమా, క్షేత్రమా?

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో సివిల్స్‌కు చదివేవారిలో మందుపాతరల నిర్మూలనపై ఆసక్తి ఉన్నవారు తేల్చుకోలేని విషయం ఇది: దౌత్యవేత్తగా ఒప్పందాలపై పనిచేయాలా, క్షేత్రంలోకి దిగి వాటిని తొలగించాలా?

ఖర్చు: దౌత్యానికి కోచింగు, గది అద్దె, ఏళ్ల తరబడి చదువు, జనరల్ అభ్యర్థులకు ఆరు ప్రయత్నాలే. క్షేత్రానికి సైన్యంలో ఇంజినీర్ల విభాగం అనుభవముంటే సగం దారి నడిచినట్టే.

శ్రమ: క్షేత్రంలో మెటల్ డిటెక్టరుతో అంగుళం అంగుళం వెతకాలి. దౌత్యవేత్తది జెనీవాలో ఒక్కో పదంపై కుస్తీ. అసలు చిక్కు అక్కడే. మనుషులపై వాడే మందుపాతరలను పూర్తిగా నిషేధించిన 1997 ఒట్టావా ఒప్పందంలో భారత్ చేరలేదు. కొన్ని సంప్రదాయ ఆయుధాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందానికి (సీసీడబ్ల్యూ) అనుబంధాలైన రెండు ప్రోటోకాల్‌లలో మాత్రం ఉంది: మందుపాతరల వాడకాన్ని కట్టడి చేసే 1996 నాటి సవరించిన రెండో ప్రోటోకాల్, యుద్ధం ముగిశాక పేలకుండా మిగిలిన మందుగుండు గురించిన 2003 నాటి ఐదో ప్రోటోకాల్. మన దౌత్యవేత్త ఈ గీత దాటి మాట్లాడలేడు, మనసులో ఏమున్నా సరే!

ప్రమాదం: ఒకచోట ప్రాణానికి, మరోచోట ఓపికకు.

సంపూర్ణ నిషేధమే కావాలనేవారికి దౌత్యం ఇరుకు. స్వచ్ఛంద సంస్థలే మేలు. ప్రభుత్వ వైఖరిని లోపలినుంచి కొద్దికొద్దిగా కదిలించాలనుకునేవారికి మాత్రం ఐఎఫ్ఎస్ (భారత విదేశాంగ సర్వీసు).