ఆరుగురు ఆడవాళ్ళు, రెండు ఎపిసోడ్లు: టీవీ కామెడీ సిట్టింగ్స్‌కి ఏ ఊరు మేలు?

నవల రాసుకునేవాళ్ళకి నిశ్శబ్దం కావాలి. కామెడీ రాసేవాళ్ళకి రాత్రి పదకొండింటికి పొట్ట పట్టుకుని నవ్వినా పక్కగది వాళ్ళు వచ్చి తలుపు కొట్టని చోటు కావాలి. రాసేది ఆడవాళ్ళయితే ఇంకొకటి కూడా ఉంది. ఆ నవ్వు విని వరండాలోకి వచ్చి వింతగా చూసేవాళ్ళు ఉండకూడదు. ఊరు వదిలి వెళ్ళి కథా చర్చలకి కూర్చోవడం తెలుగు సినిమా, టీవీ వాళ్ళకి పాత అలవాటే, సిట్టింగ్స్ అంటారు. ఆ గదుల్లో ఆడవాళ్ళు కనిపిస్తే ఒకరో ఇద్దరో. టీవీ స్కిట్లలో ఆడవేషం కూడా మగవాళ్ళే కట్టి, అత్త మీదా పెళ్ళాం మీదా జోకులు పేల్చడం ఇన్నేళ్ళు నడిచిందంటే అందులో ఆ గదుల పాత్ర ఉంది. ఆడవాళ్ళే కూర్చునే సిట్టింగ్స్ కావాలి, అందుకు తగిన ఊరూ కావాలి.

లెక్క ఇది: ఆరుగురు, నాలుగు రాత్రులు ఐదు పగళ్ళు, అరగంట స్లాట్‌కి రెండు ఎపిసోడ్లు. యాడ్లు పోను ఒక్కో ఎపిసోడ్‌కి మిగిలేది ఇరవై, ఇరవై రెండు నిమిషాలు.

హైదరాబాద్ వాళ్ళకి ముందుగా తట్టేది వికారాబాద్ దగ్గరి అనంతగిరి. నగరం నుంచి 80 కిలోమీటర్ల దారి. రైల్లో వికారాబాద్ జంక్షన్‌లో దిగితే కొండ మీదికి ఆటో దొరుకుతుంది. మూసీ పుట్టేది ఇక్కడే, అడవి పచ్చగా ఉంటుంది. దీని లోపం దగ్గరగా ఉండటమే. రెండు గంటల్లో వచ్చేయగలదని ఇంట్లో తెలిస్తే గ్యాస్ బండ అయిపోయినా ఫోనే, పిల్లాడికి ఒళ్ళు కాస్త వెచ్చబడినా ఫోనే. రెండో రోజు సాయంత్రానికి ఒకరు బ్యాగు సర్దేస్తారు. శని, ఆదివారాల్లో ఈ చుట్టుపక్కల పార్టీల స్పీకర్ల మోత కూడా ఉంటుంది కాబట్టి సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకోవాలి. కొత్త ఎపిసోడ్ పుట్టించడానికి ఈ ఊరు చాలదు. రాసి ఉన్న స్క్రిప్టుకి పంచ్‌లు పదును పెట్టుకునే రెండు రోజుల పనికి మాత్రం హాయిగా సరిపోతుంది.

అరకు అనగానే ఆరుగురూ సరే అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. విశాఖ నుంచి 115 కిలోమీటర్లు. పొద్దున ఏడు లోపే బయల్దేరే కిరండూల్ రైలెక్కితే దాదాపు నాలుగు గంటలు సొరంగాలు, లోయలు. దారిలో మాట్లాడుకుందామనుకుంటారు గానీ ఒక్కరూ కిటికీ వదలరు. దిగాక బొర్రా గుహలు, కాఫీ తోటలు, బొంగు చికెన్. చూడాల్సినవి ఇన్ని ఉన్న ఊళ్ళో సీన్లు రాసుకునే కార్డు ముక్క మీద కళ్ళు నిలపడం కష్టం. నవంబరు నుంచి జనవరి దాకా పొగమంచు కోసం వచ్చే జనంతో గదులు దొరకవు. వానాకాలంలో ఘాట్ లైన్ మీద కొండరాళ్ళు జారితే రైళ్ళు ఆగిపోతాయి. తప్పదనుకుంటే ఫిబ్రవరి, మార్చి నెలలు నయం. అంతకన్నా మంచిది, రాత వేరేచోట ముగించుకుని అరకు ఉత్త విహారానికే వెళ్ళడం.

కోనసీమలో దిండి సంగతి వేరు. వశిష్ఠ గోదావరి ఒడ్డు, కొబ్బరి తోటలు. చించినాడ వంతెన దాటితే అవతల పాలకొల్లు వైపు, అంటే అల్లు రామలింగయ్య పుట్టిన నేల. ఇక్కడికి రాయడానికి కాదు, వినడానికి వెళ్ళాలి. రేవు దగ్గరా చేపల బజార్లోనూ పూట పూటా కూర్చుంటే గోదావరి ఎటకారం ఎలా పుడుతుందో తెలుస్తుంది. అవతలివాడి మాట కాదనకుండా, దాన్నే ఇంకాస్త సాగదీసి అతని చేతికే ఇస్తారు. ఇది ఏ వర్క్‌షాపులోనూ దొరకదు. రాతకి మాత్రం కుదరదు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఆ ఉక్కలో రెండు గంటలు నిద్ర ముంచేస్తుంది, సాయంత్రం దోమలు మొదలవుతాయి. హౌస్‌బోట్‌లో ఆరుగురికి సరిపడే బల్లా, కార్డులు వేలాడదీసే గోడా ఉండవు. తొలి రెండు రోజులు ఇక్కడ విని, తర్వాత వేరేచోట కూర్చునే వెసులుబాటు ఉంటే అంతకన్నా కావలసింది లేదు.

మా ఓటు హార్సిలీ హిల్స్‌కే. మదనపల్లె నుంచి 30 కిలోమీటర్లు, సుమారు 4,000 అడుగుల ఎత్తు. కడప కలెక్టరుగా చేసిన హార్సిలీ పేరు నిలిచింది గానీ పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏప్రిల్, మే నెలల్లో కింద మండిపోతున్నా పైన రాత్రికి దుప్పటి కావాలి. చూడాల్సినవి ఒక పూటలో అయిపోతాయి: వ్యూ పాయింట్, గవర్నరు బంగళా, 1859లో నాటిన కల్యాణి అనే యూకలిప్టస్ చెట్టు. ఆ తర్వాత చేయడానికి రాత తప్ప ఏమీ ఉండదు. అదే ఈ ఊరి బలం. కొండ మీదికి ఒకటే ఘాట్ రోడ్డు కాబట్టి ఎవరైనా సరే సగంలో లేచిపోవడానికి రెండుసార్లు ఆలోచిస్తారు. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కితే పొద్దునకి మదనపల్లె. తిరుపతి, బెంగళూరు రెండూ ఇంచుమించు 150 కిలోమీటర్లలోనే ఉన్నాయి. బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న తెలుగు అమ్మాయిలకీ ఇది అందుబాటులో ఉన్న కొండే.

అయితే మందులు, శానిటరీ నాప్‌కిన్లు, నగదు, మార్కర్లు కిందే కొనుక్కోవాలి. కొండ మీద ఉన్నవి కొద్ది దుకాణాలే. ఫోన్ సిగ్నల్ నెట్‌వర్క్‌ని బట్టి మారుతుంది కనుక ఆరుగురిలో కనీసం రెండు కంపెనీల సిమ్‌లు ఉండేలా చూసుకోవాలి. కోతులున్న చోట తినుబండారాలు కిటికీ దగ్గర పెట్టి కార్డులు బల్ల మీద వదిలి వెళ్ళారంటే, తిరిగొచ్చేసరికి రెండో ఎపిసోడ్ సీన్ ఆర్డర్ చెట్టు మీద ఉంటుంది. చీకటి పడ్డాక అడవి బాటలో నడక వద్దు.

ఏ ఊరైనా సరే, బస ఖాయం చేసుకునే ముందు ఫోన్‌లో అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మంచం ఎంత మెత్తగా ఉందన్నది తర్వాత, ముందు అందరూ చుట్టూ కూర్చునే బల్ల ఉందా? కనీసం ఆరడుగుల పొడవుండాలి, కుర్చీలకి వీపు ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీలో మూడో గంటకి నడుం పట్టేసిన మనిషికి ఏ జోకూ నచ్చదు. రెస్టారెంట్ హాల్లో కూర్చోమంటే ఒప్పుకోవద్దు, చుట్టూ మనుషులుంటే ఎవరూ గొంతెత్తి చదవరు. మూడు గదులు పక్కపక్కనే ఉన్నాయా, లేక విడి కాటేజీయా? విడి కాటేజీకి కాస్త ఎక్కువైనా ఇవ్వొచ్చు. లోపలినుంచి గడియ పడుతుందా, బాత్రూం కిటికీకి అద్దం ఉందా, రాత్రి డ్యూటీలో ఆడ సిబ్బంది ఎవరైనా ఉంటారా? కరెంటు పోతే ఇన్వర్టర్ ఏమేం మోస్తుంది? చాలాచోట్ల లైట్లు, ఫ్యాన్లు మాత్రమే. 1,500 వాట్ల కెటిల్ పెడితే ట్రిప్ అయి లాప్‌టాప్‌లు కూడా ఆగిపోతాయి. టీకి రెండు లీటర్ల ఫ్లాస్క్ తీసుకెళ్ళడమే తెలివైన పని.

వంటగది ఉన్న బస తీసుకోవద్దు. ఈ ఒక్కమాట విషయంలో మేము చాలా పట్టుదలగా ఉంటాం. స్టవ్ కనబడితే చాలు, ఆరుగురిలో ఇద్దరు లేచి వెళ్ళి ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతారు, మూడో మనిషి గిన్నెలు కడుగుతుంది. ఎవరూ అడగకపోయినా చేస్తారు, అలవాటు అలాంటిది. ఇంగ్లండ్‌లో ఆర్వన్ సంస్థ రాత శిబిరాల్లో రాత్రి వంట వంతులవారీగా రచయితలే చేస్తారు. జీవితమంతా వండినవాళ్ళకి ఆ పద్ధతి వద్దు. అమెరికాలో సియాటిల్ దగ్గరి విడ్‌బీ దీవిలో ఉన్న హెడ్జ్‌బ్రూక్, 1988 నుంచి ఆడ రచయితల కోసమే నడుస్తున్న చోటు, ఇంకో దారి పట్టింది: ఆరు కాటేజీలు, ఒక్కొక్కరికి ఒకటి, రాత్రి భోజనం వేరేవాళ్ళు వండి పెడతారు. ఆ భోజనం పద్ధతి మనం తీసుకోవాలి, విడివిడి కాటేజీల పద్ధతి మాత్రం వద్దు. కామెడీ ఒంటరిగా పండదు. పొద్దున టిఫిన్, రెండు పూటల భోజనం, నాలుగుసార్లు టీ, ఏ టైముకి రావాలో ముందే రాసి ఇవ్వండి. మధ్యాహ్నం పెరుగన్నంతో సరిపెట్టుకుని బిర్యానీ రాత్రికి ఉంచుకుంటే మూడింటికి అందరూ మెలకువగా ఉంటారు.

సామాను: మూడు రంగుల కార్డులు 150, ఒక రీం ఏ4 కాగితం, మార్కర్లు ఆరు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు రెండు, పదిహేను అడుగుల నైలాన్ తాడు, బట్టలకి పెట్టే క్లిప్పులు రెండు డజన్లు. తాడు ఎందుకంటే టేపుతో గోడకి కార్డులు అంటిస్తే తీసేటప్పుడు సున్నం ఊడొస్తుంది, గది ఖాళీ చేసేరోజు గొడవ. కిటికీ నుంచి కిటికీకి తాడు కట్టి ఒక్కో సీను ఒక్కో క్లిప్పుకి వేలాడదీస్తే, సీను ముందుకో వెనక్కో జరపడం చీర ఆరేసినంత సులువు.

పనిలోకి వస్తే, మొదటి రోజు పాత్రలు తప్ప కథ ముట్టుకోవద్దు. రెండో రోజు ఒక్కొక్కరు పది ఐడియాలు, ఒక్కోటి ఒక్క వాక్యం. అరవైలో రెండు తీసుకుంటే చాలు. మూడో రోజు సీన్ ఆర్డర్. నాలుగో రోజు ఇద్దరిద్దరుగా విడిపోయి డైలాగ్ వెర్షన్, అంటే మాటలతో సహా పూర్తి స్క్రిప్టు. ఐదో రోజు చదవడం. మొదటి పేజీని ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి గట్టిగా చదివించి, తమ రాతలో పేజీకి ఎన్ని సెకన్లో తేల్చుకోకపోతే చివరికి ముప్ఫై నిమిషాల స్క్రిప్టుతో కొండ దిగుతారు.

తెలుగులో జోకు పడిపోవడానికి పెద్ద కారణం వాక్యం చివర కూర్చునే క్రియ. ‘డబ్బాలో ఇడ్లీ పిండి ఉంటే ఐస్‌క్రీం అనుకున్నాను’ అని కోడలి చేత అనిపిస్తే ఎవరూ నవ్వరు. నవ్వాల్సిన మాట ముందే వచ్చేసింది, దాని మీద ‘అనుకున్నాను’ బండరాయిలా పడింది. ‘ఐస్‌క్రీం అనుకుని మూత తీశాను. ఇడ్లీ పిండి.’ చివరి వాక్యంలో క్రియ లేదు, పంచ్ మాట చిట్టచివర ఉంది. నాలుగో రోజు రాత్రి ప్రతి పేజీలోనూ చేయాల్సిన రిపేరు ఇదే.

మొదటిసారి చదివేటప్పుడు, రాసినామె కాకుండా మిగతావాళ్ళలో ఎవరు ఎక్కడ నవ్వారో అక్కడ పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. ఎందుకంటే మూడోసారి చదివేసరికి అదే జోకు చప్పగా అనిపిస్తుంది, అందరూ కలిసి కొట్టేస్తారు. విన్న జోకుకి విన్నవాళ్ళు నవ్వరు, అంతే. ప్రేక్షకులు వినేది మాత్రం ఒక్కసారే. మూడు టిక్కులు పడిన మాటని ఎవరు కొట్టేస్తామన్నా ఒప్పుకోవద్దు. ఒక్క టిక్కూ లేని పేజీ వరసగా రెండోది వచ్చిందంటే లోపం డైలాగులో కాదు, సీన్‌లో ఎవరికీ ఏదీ గట్టిగా అక్కర్లేకపోవడంలో ఉంటుంది. తాడు దగ్గరికి తిరిగి వెళ్ళాలి.

ఇంకొక పని ఐదో రోజుకి వాయిదా వేయకూడదు. కథ ఎవరిది, మాటలు ఎవరివి, తెర మీద పేర్లు ఏ వరసలో పడాలి, డబ్బు ఎలా పంచుకోవాలి: మొదటి సాయంత్రమే, ఒక్క జోకు కూడా పుట్టకముందు, ఒక కాగితం మీద రాసి ఆరుగురూ సంతకాలు పెట్టి, ఫొటో తీసి అందరి ఫోన్లలోకి పంపుకోవాలి. నచ్చిన ఐడియా పుట్టిన తర్వాత ఆ మాట ఎత్తడానికి మనవాళ్ళు మొహమాటపడతారు, కొండ దిగాక అసలు ఎత్తరు.