ఉబ్బసం అదుపులో ఉందా? పీక్ ఫ్లో మీటరా, ఫీనో పరీక్షా: ఏది మేలు?

రెండింట్లోనూ ఊదడమే, కానీ చూసేది వేరు. పీక్ ఫ్లో మీటర్ గాలి ఎంత వేగంగా బయటికొస్తోందో కొలుస్తుంది, అంటే శ్వాసనాళాలు ఎంత ఇరుకయ్యాయో తెలుస్తుంది. ఫీనో పరీక్ష ఆ గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎంతుందో కొలుస్తుంది. నాళాల లోపలి పొరలో అలర్జీ తరహా వాపు ఉంటే ఆ వాయువు ఎక్కువగా పుడుతుంది. అందుకే ఒకటి బాగుండి ఇంకొకటి బాగాలేకపోతే యంత్రాన్ని అనుమానించకండి.

ఇంట్లో రోజూ చూసుకోవడానికి పీక్ ఫ్లో మీటరే మేలు. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, కరెంటు అక్కర్లేదు. ముల్లును సున్నాకు తెచ్చి, నిలబడి, నిండా గాలి పీల్చి, పెదాలు గట్టిగా మూసి ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలి, సగటు కాదు. ఉదయం ఇన్‌హేలర్ వాడకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. నాలుక గొట్టానికి అడ్డొస్తే అంకె పడిపోతుంది, ఉమ్మినట్టు ఊదితే లేని వేగం చూపిస్తుంది. మీటర్ మారిస్తే పాత అంకెలతో పోల్చకూడదు.

ఆయాసం లేని రెండు మూడు వారాల్లో వచ్చిన అత్యుత్తమ అంకె మీ సొంత కొలబద్ద. అది 400 అయితే 320 పైన ఫర్వాలేదు. 200 నుంచి 320 మధ్య ఉంటే డాక్టరు రాసిచ్చిన ప్రణాళిక ప్రకారం మందు మార్చాలి. 200 కన్నా తగ్గితే రిలీవర్ (ఆయాసాన్ని వెంటనే తగ్గించే ఇన్‌హేలర్) తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పొద్దున 300, సాయంత్రం 360 వస్తే తేడా 60, సగటు 330, అంటే తేడా సగటులో 18 శాతం. రెండు వారాలు రాస్తే సగటున పెద్దల్లో 10 శాతం, పిల్లల్లో 13 శాతం దాటిన ఊగిసలాట మామూలు కాదు. ఐదేళ్ళలోపు పిల్లలతో మాత్రం ఇది సరిగ్గా చేయించలేం.

మీటరు చెప్పలేనిది ఒకటుంది: స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పనిచేస్తోందా, అసలు రోజూ పీలుస్తున్నారా? అక్కడ ఫీనోదే పైచేయి. ఊపిరితిత్తులు ఖాళీ చేసి, యంత్రం గొట్టం ద్వారానే నిండా పీల్చి, సెకనుకు 50 మిల్లీలీటర్ల చొప్పున పెద్దలు 10 సెకన్లు ఒకే తీరుగా వదలాలి. ముక్కుతో పీల్చకూడదు, సైనస్‌లలో ఈ వాయువు చాలా ఎక్కువ. ఊపు పెరిగితే అంకె తగ్గుతుంది, నెమ్మదిస్తే పెరుగుతుంది. గంట ముందు నుంచి తిండి, పొగ, వ్యాయామం వద్దు. బీట్‌రూట్, పాలకూర అంకెను పెంచుతాయి, సిగరెట్ తగ్గిస్తుంది. స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని కొలిచే ఊదుడు పరీక్ష), పీక్ ఫ్లో రెండూ దీని తర్వాతే చేయాలి.

పెద్దల్లో 25 పీపీబీ (వంద కోట్ల భాగాల గాలిలో ఆ వాయువు ఎన్ని భాగాలో చెప్పే కొలత) లోపు తక్కువ, 50 దాటితే ఎక్కువ. పిల్లల్లో ఆ హద్దులు 20, 35. మందు రాసిచ్చాక కూడా 50 దాటే ఉంటే మోతాదు పెంచేముందు ఇన్‌హేలర్ రోజూ వాడుతున్నారా, సరిగ్గా పీలుస్తున్నారా అని చూడాలి. ఆయాసముండి ఫీనో తక్కువుంటే స్టెరాయిడ్ పెంచి లాభపడేది తక్కువ. పొగ, బరువు, ఛాతీ మంట వంటివి వెతకాలి. మందు వాడుతూ తక్కువ వచ్చిందని మానేయడం మాత్రం ప్రమాదం. తగ్గించింది ఆ మందే, ఆపితే వాపు తిరిగొస్తుంది.

అందుకే రోజువారీ కాపలాకు మీటరు, మందు మార్చే సందర్భాల్లో ఫీనో. ఆయాసం తీవ్రమైన రోజున ఫీనో కోసం పరుగెత్తకండి, అది దానికి పనికిరాదు. రెండు అంకెలూ బాగున్నా రాత్రి దగ్గుతో మెలకువ వస్తుంటే, వారంలో రెండుసార్లకు మించి రిలీవర్ అవసరమవుతుంటే, ఉబ్బసం అదుపులో లేదనే డాక్టరుకు చెప్పండి.