జవాను ఇంట్లో ఉచిత డిష్, జయమాల: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పొలిమేర దాటితే ఆంధ్రలోని పాతపట్నం. ఇంట్లో తెలుగు, పిల్లల బడిలో ఒడియా, మా వారు సైన్యం నుంచి సెలవుపై వస్తే హిందీ వార్తలు.

మొదట ప్రైవేటు డిష్ ఉండేది. చిరునామా ఒడిశాది కాబట్టి ఒడియా ప్యాకేజీ అంటగట్టి, తెలుగుకు విడిగా డబ్బు తీసుకునేవారు. విసిగిపోయి 2017లో దూరదర్శన్ ఫ్రీ డిష్ పెట్టించాము. 2019లో ప్రైవేటు డిష్‌లలో నచ్చిన ఛానళ్లనే ఎంచుకునే వీలు వచ్చినా నేను వెనక్కి వెళ్లలేదు. నెలనెలా రీఛార్జి లేకపోవడం ఒక్కటే కారణం కాదు. మా వారు కుటుంబాన్ని తీసుకెళ్లలేని ఫీల్డులో ఉంటే మేము ఇక్కడ, కలిసి ఉండగలిగే పీస్ స్టేషనుకు వస్తే క్వార్టర్స్‌లో. బదిలీ అయినప్పుడల్లా బాక్సు ఆయన నల్ల ట్రంకు పెట్టెలో, దుప్పట్ల మధ్య ప్రయాణం చేసింది. ఎక్కడికి వెళ్లినా ఉపగ్రహం ఒక్కటే, జీశాట్-15. చాలాచోట్ల డిష్‌ను ఆగ్నేయానికి తిప్పి, ఉత్తరాదిలోనైతే కాస్త కిందికి వంచాలి. నేను మేడ మీద నట్టు బిగిస్తుంటే పాప కింద నుంచి "వచ్చింది, పోయింది, వచ్చింది" అని కేక వేసేది. మెకానిక్ కోసం ఒక్కసారీ ఎదురుచూడలేదు.

లోపాలు ఉన్నాయి. తెలుగు ఛానళ్లు తక్కువ, మా ఇంట్లో చూసేవి దూరదర్శన్ వారి సప్తగిరి, యాదగిరే. అత్తయ్య చూసే సీరియళ్లు లేవు. ప్రైవేటు ఛానళ్లు వేలంలో చోటు కొనుక్కుంటాయి, అందులో హిందీవాళ్లదే పైచేయి. ఆ పెద్ద ఛానళ్లు కూడా 2019 మార్చిలో వెళ్లిపోయి, మరుసటి ఏడాది తిరిగి వచ్చి, 2022 ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లిపోయాయి. కొత్తగా కొనేవారు ఎంపెగ్-4 అనే కొత్తరకం బాక్సే తీసుకోండి, పాతరకంలో కొన్ని ఛానళ్లు రావు. జోరు వానలో బొమ్మ ఆగిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి కరెంటు, ఫోన్లు పోయినప్పుడు మాకు కబురు అందించింది బ్యాటరీ రేడియోయే.

నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే బాక్సులో వచ్చే వివిధ భారతి. రాత్రి 7:05కు జవాన్ల కోసం పాటల కార్యక్రమం జయమాల. తెర చీకటిగా ఉంటుంది, పాట వస్తుంది. అక్కడ మా వారు ఆకాశవాణి యాప్‌లో అదే పాట వింటారు. సిగ్నల్ దొరికితే తర్వాత ఫోను చేసి "రెండో పాట విన్నావా?" అని అడుగుతారు. అత్తయ్యకు హిందీ రాదు. అయినా చేతిలో పని ఆపి, పాట కోరినవారిలో కొడుకు పేరు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గి కూర్చుంటారు.

సైనిక కుటుంబాల కోసం వచ్చే ప్రసారాల్లో నేను కోరే మార్పు ఒకటే: విశాఖ ఆకాశవాణి కేంద్రం నుంచి తెలుగులో ఒక అరగంట జయమాల. శ్రీకాకుళం, గజపతి, గంజాం జిల్లాల తల్లులు తమ బిడ్డల పేర్లు తమ భాషలో వింటారు. ఈ మాటే ఉత్తరంగా రాశాను. కింద మొదటి సంతకం అత్తయ్యది.